వాద్యం ఎక్కడితో ముగుస్తుంది? బ్రిటిష్ రాక్ గిటారిస్టుల శైలీభేదాలు

1944 జనవరికీ 1945 మార్చికీ మధ్య పుట్టి, లండన్‌ను ఆనుకుని ఉన్న సర్రే కౌంటీలో పెరిగిన ముగ్గురు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒకే బృందంలో గిటార్ వాయించారు. ఆ బృందం పేరు యార్డ్‌బర్డ్స్. 1963లో ఎరిక్ క్లాప్టన్ అందులో చేరాడు. 1965 మార్చిలో అతను వెళ్లిపోగానే జెఫ్ బెక్ వచ్చాడు. 1966లో జిమ్మీ పేజ్ చేరి, కొన్ని నెలలు బెక్ పక్కనే నిలబడి వాయించి, బెక్ తప్పుకున్న తర్వాత 1968లో బృందం చెదిరిపోయే దాకా కొనసాగాడు. ముగ్గురూ కుర్రతనంలో విన్న రికార్డులు ఇంచుమించు అవే: అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మడ్డీ వాటర్స్, బడ్డీ గై, బీ.బీ. కింగ్, ఫ్రెడ్డీ కింగ్‌ల బ్లూస్. ముగ్గురూ ఎక్కువగా తిరిగిన స్వరాలూ అవే. కర్ణాటక సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, ఒకవైపు శుద్ధ ధన్యాసి స్వరాలు, మరోవైపు మోహన స్వరాలు, ఆ రెంటి మధ్య సాధారణ గాంధారం అనీ అంతర గాంధారం అనీ తేల్చి చెప్పలేని చోట ఊగే ఒక గాంధారం. ఇంత సామ్యం ఉన్నా, వారి రికార్డు ఏదైనా పది సెకన్లు వింటే వాయిస్తున్నది ఎవరో తెలిసిపోతుంది.

బ్రిటిష్ రాక్ గిటార్ గురించి జరిగే వాదులాటలు చాలా వరకు ఎవరి వేగం ఎక్కువ, ఎవరు గొప్ప అనే దగ్గరే తిరుగుతుంటాయి. వేగమే కొలబద్ద అయితే ఈ తరంలో చాలామంది తర్వాత వచ్చినవారి ముందు నిలవరు, కాబట్టి ఆ కొలబద్దతో తేలేది ఏమీ లేదు. అసలు తేడా వాద్యం అనే మాటకు ఒక్కొక్కరు ఇచ్చుకున్న అర్థంలో ఉంది. ఒకరికి గిటార్‌తో పాటు దాన్ని పలికించే ఆంప్లిఫైయర్ (ఆంప్) కూడా వాద్యమే. ఇంకొకరికి రికార్డింగు గది, అందులోని మైకులు, టేపు, అన్నీ కలిస్తేనే వాద్యం. మరొకరి వాద్యం తీగకూ వేలి చర్మానికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి చోటు. వాద్యం హద్దును ఎక్కడ గీసుకున్నారో శైలి అక్కడి నుంచే మొదలైంది.

క్లాప్టన్ విషయంలో ఆ హద్దు గీత పడిన చోటును దాదాపు వేలు పెట్టి చూపవచ్చు. 1966లో జాన్ మేయాల్ నడిపిన బ్లూస్‌బ్రేకర్స్ బృందంతో అతను వెస్ట్ హాంప్‌స్టెడ్‌లోని డెక్కా స్టూడియోలో ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు, వేదికపై ఎంత గట్టిగా వాయిస్తాడో స్టూడియోలోనూ అంతే గట్టిగా వాయిస్తానని, కావాలంటే మైకును ఆంప్ నుంచి దూరంగా జరుపుకోవాలని పట్టుబట్టాడు. గిటార్ శబ్దాన్ని అదుపులో ఉంచడమే తమ పని అని నమ్మిన నాటి ఇంజనీర్లకు ఇది మింగుడుపడని కోరిక. ఆ పట్టుదల వెనుక పొగరు కొంత ఉంటే ఉండవచ్చు గానీ, భౌతికశాస్త్రం అంతకంటే ఎక్కువే ఉంది. అతని మార్షల్ ఆంప్‌లో పనిచేసేవి వాల్వులు, అంటే ఒకప్పుడు మన ఇళ్లలో వేడెక్కితే గానీ గొంతు విప్పని రేడియోల్లోని వాల్వుల జాతివే. అవి మోయగలిగిన దానికంటే బలమైన సంకేతం వచ్చినప్పుడు ధ్వని తరంగపు పై అంచు, కింది అంచు చదును చేసినట్టు అణిగిపోతాయి. దాంతో గట్టి మీటుకూ మెత్తని మీటుకూ మధ్య తేడా తగ్గుతుంది, మూలస్వరం వెంట వచ్చే అనుస్వరాలు చిక్కబడతాయి, పుట్టిన వెంటనే ఆరిపోవలసిన స్వరం నిలబడుతుంది. గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌లోని పికప్‌లు, అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, రెండేసి తీగచుట్టలతో బలమైన సంకేతాన్ని పంపుతాయి కాబట్టి ఈ పని ఇంకా సులువైంది. శబ్దం తగ్గిస్తే ఇదంతా పోతుంది. క్లాప్టన్ అడిగింది తన వాద్యంలో సగభాగాన్ని తనకు వదిలేయమని.

స్వరం నిలబడినప్పుడే దాన్ని ఊపడానికి వ్యవధి దొరుకుతుంది. క్లాప్టన్ కంపనం చాలామంది గిటారిస్టుల కంపనంలా మణికట్టును తిప్పగా వచ్చేది కాదు. అతని ఎడమచేతి బొటనవేలు గిటార్ మెడను వదిలేస్తుంది, తీగపై ఆనిన ఒక్క వేలు మీదే చెయ్యంతా ఊగుతుంది. ఆ ఊపు వెడల్పుగా, నిలకడగా, గాయకుడు పాదం చివర గొంతు ఆనించి నిలిపినట్టు ఉంటుంది. తీగను పక్కకు లాగి పై స్వరాన్ని అందుకునే బెండ్‌లోనూ అతను గొంతునే అనుకరించాడు. అందుకోసం సన్నని తీగలు వాడటం, అవి వేదికపైనే తెగిపోవడం, అతను తీరుబడిగా కొత్త తీగ వేస్తుంటే శ్రోతలు నెమ్మదిగా చప్పట్లు కొడుతూ ఎదురుచూడటం మామూలైంది. యార్డ్‌బర్డ్స్ నిర్వాహకుడు జార్జియో గొమెల్స్కీ దీన్ని చూసే స్లోహ్యాండ్ అని ముద్దుపేరు పెట్టాడని చెబుతారు. అది నిదానంగా వాయిస్తాడని వచ్చిన పేరనుకోవడం పొరపాటు. 1968 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో క్రీమ్ బృందంతో వాయించిన క్రాస్‌రోడ్స్ వింటే ఆ పొరపాటు తీరిపోతుంది. శుద్ధ ధన్యాసి నుంచి మోహనకు, అక్కడి నుంచి వెనక్కు అతను ఒకే ఊపిరిలో మారిన తీరు ఇప్పటికీ విద్యార్థులు స్వరం స్వరం రాసుకుని నేర్చుకునే పాఠమే. ఆ తర్వాత లెస్ పాల్ జాతి గిటార్లను వదిలి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మారి, పలుచని ధ్వనితో పాటకు తోడుగా వాయించడం వైపు మళ్లాడు. ఆ కాలపు క్లాప్టన్‌లో నేర్పు తగ్గలేదు గానీ, పోట్లాడి సాధించిన ఆ చిక్కదనం మాత్రం మళ్లీ అదే స్థాయిలో వినిపించలేదు.

క్లాప్టన్‌కు స్వభావంలో దగ్గరి చుట్టం పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మర్. కేంబ్రిడ్జ్ కుర్రాడైన అతను 1968 జనవరిలో ఆ బృందంలో చేరాడు. బ్లూస్ స్వరాలు అవే, బెండ్‌లు అవే. కానీ క్లాప్టన్ వాక్యం వెంట వాక్యం పేర్చుకుంటూ పోతే, గిల్మర్ వాక్యానికీ వాక్యానికీ మధ్య మౌనాన్ని వాడుకుంటాడు. ఒక్కసారి మీటి, వేలు ఒకే మెట్టుపై ఉండగానే తీగను లాగుతూ రెండు మూడు స్వరాల మీదుగా నడిపించడం అతని ముద్ర. వీణపై ఒకే మెట్టు దగ్గర తంత్రిని లాగి గమకం పలికించడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఆ మౌనాలు ఖాళీగా ఉండకుండా బిన్‌సన్ ఎకోరెక్ వంటి ప్రతిధ్వని యంత్రాలు వెనుక నుంచి నింపుతుంటాయి. తన సోలోలు అప్పటికప్పుడు పొంగినవే అన్న భ్రమను గిల్మర్ స్వయంగా తొలగించాడు. 1979 నాటి కంఫర్టబ్లీ నమ్ చివరి సోలోను అతను ఐదారు సార్లు వాయించి, ఒక్కో దాంట్లో బాగున్న ముక్కలకు కాగితంపై గుర్తులు పెట్టుకుని, వాటిని అతికి ఒకటిగా చేశాడు. ఇలా అతికినదని తెలిసిన తర్వాత కూడా అతుకు ఎక్కడుందో చెవికి చిక్కదు.

ఆంప్‌ను వాద్యంలో భాగం చేసుకోవడం సోలో వాయించేవారికే పరిమితం కాలేదు. ది హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ సోలోలకు పెద్దగా ప్రాధాన్యం ఇవ్వలేదు. ఆంప్ ఎదుట గిటార్‌ను నిలిపి దాని ధ్వనితోనే తీగలు తిరిగి కంపించేలా చేసే ఫీడ్‌బ్యాక్, చెయ్యి గాలిమరలా తిప్పి కొట్టే తీగలమేళం అతని ఆయుధాలు. ఇక్కడే పవర్ కార్డ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆంప్‌లో అంచులు అణిగి బాగా వక్రీకరించిన ధ్వనిలో మూడు స్వరాల మామూలు కార్డును, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపును మీటితే గాంధారం మిగతా వాటితో గొడవపడి బురద అవుతుంది. షడ్జమ పంచమాలు రెండే మీటితే, వాటి నిష్పత్తి రెండుకు మూడు కాబట్టి, ఎంత వక్రీకరించినా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రాక్ సంగీతానికి ఉన్న బరువులో సగం ఈ లెక్క పెట్టినదే.

ఆ బరువును చివరి దాకా తీసుకెళ్లినవాడు బర్మింగ్‌హామ్‌కు చెందిన టోనీ అయోమీ. 17 ఏళ్ల వయసులో, లోహపు రేకుల కర్మాగారంలో ఉద్యోగం మానేస్తున్న రోజునే, యంత్రంలో పడి అతని కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి, అంటే తీగలను నొక్కవలసింది ఆ కుడిచెయ్యే. పాత్రలు తోమే సబ్బు సీసా ప్లాస్టిక్‌ను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటిపై తోలు ముక్కలు అంటించుకుని అతను మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు. తొడుగు వేసుకున్న వేలికి తీగ స్పర్శ తెలియదు. అందుకే సన్నని తీగలు, వీలైనంత తేలిక పట్లు, 1971 నుంచి కొన్ని పాటలకు గిటార్ శ్రుతినే మూడు అరస్వరాలు కిందికి దించడం. బిగి తగ్గిన తీగ వేలికి తేలిక, చెవికి మాత్రం బరువు. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌లో బృందం పేరే గల పాటలో అతను షడ్జమం, తారషడ్జమం వాయించి ప్రతిమధ్యమంపై నిలుస్తాడు. పాశ్చాత్యులు సైతాను పేరుతో పిలిచిన స్వరాంతరం ఇది. కల్యాణి రాగంలో ఇదే ప్రతిమధ్యమాన్ని శుభకార్యాల్లో విని పెరిగిన చెవికి ఇందులో దెయ్యం ఎక్కడుందని అనుమానం రావచ్చు. కల్యాణిలో దాని ముందూ వెనుకా చుట్టాలున్నాయి, అయోమీ దాన్ని ఒంటరిగా చీకట్లో నిలబెట్టాడు.

కీత్ రిచర్డ్స్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. రోలింగ్ స్టోన్స్‌కు చెందిన ఇతను 1960ల చివర గిటార్ ఆరో తీగను తీసి పారేసి, మిగిలిన ఐదింటినీ పాత బ్లూస్, బాంజో సంప్రదాయాల్లోని ఓపెన్ జీ శ్రుతికి కట్టుకున్నాడు. ఏ వేలూ పెట్టకుండా మీటినా ఒక కార్డు పలుకుతుంది. చూపుడువేలును అడ్డంగా ఆనిస్తే ఆ కార్డు ఎక్కడికైనా జరుగుతుంది, దానిపై మరో రెండు వేళ్లు పెట్టి తీస్తే రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుస, పుడుతుంది. 1981 నాటి స్టార్ట్ మీ అప్‌ను వేళ్ల వైపు చూస్తూ వింటే, అంత పెద్ద ధ్వని ఇంత కొద్ది కదలికలోంచి వస్తోందా అనిపిస్తుంది. అతని అసలు బలం స్వరాల్లో కంటే, తాళానికి వెంట్రుకవాసి వెనుకగా దిగే కార్డుల్లో ఉంది.

జిమ్మీ పేజ్ దగ్గరికి వస్తే పోలిక కొంత చిక్కవుతుంది. చేతివాటం ఒక్కటే చూస్తే ముగ్గురు యార్డ్‌బర్డ్స్‌లో వెనుకబడేది అతనే. వేదికపై అతని వేళ్లు చాలాసార్లు మనసును అందుకోలేక తడబడ్డాయి. కానీ అతని వాద్యం గిటార్‌తో ముగియదు. 1960ల మొదట్లో లండన్ స్టూడియోల్లో కూలి గిటారిస్టుగా ఎందరి పాటలకో వాయిస్తూ, మైకు ఎక్కడ పెడితే ఏమవుతుందో అతను గమనిస్తూ వచ్చాడు. దూరమే లోతు ఇస్తుందన్నది అక్కడ అతనికి అబ్బిన సూత్రం. ఆంప్ ముందు ఒక మైకు, గదిలో దూరంగా మరో మైకు పెట్టి రెంటినీ కలిపితే గదికి కూడా గొంతు వస్తుంది. 1969 జనవరిలో వెలువడిన లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌ను అతను ఒలింపిక్ స్టూడియోలో మొత్తం 36 గంటల సమయంలోనే ముగించాడు. అందులో వినిపించే భారీతనానికి లెస్ పాల్ కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువగా వాయించింది బెక్ కానుకగా ఇచ్చిన టెలీకాస్టర్ గిటార్, ఒక చిన్న ఆంప్. పెద్దదైంది గది.

పేజ్ రిఫ్‌ల నిర్మాణం విడిగా చూడదగినది. 1975 నాటి కాశ్మీర్ పాటలో గిటార్‌ను స-ప-స-మ-ప-స అయ్యే డీఏడీజీఏడీ శ్రుతికి కట్టాడు. డేవీ గ్రాహమ్ అనే బ్రిటిష్ జానపద గిటారిస్టు ప్రచారంలోకి తెచ్చిన ఈ శ్రుతిలో గాంధారం ఊసే ఉండదు, తంబురలా ఆధార స్వరాలు మోగుతూనే ఉంటాయి. దానిపై గిటార్ వరుస మూడు దెబ్బలకు ఒకసారి తిరిగితే, జాన్ బోనమ్ డ్రమ్స్ నాలుగు దెబ్బల నడకను వదలవు. తిశ్రం, చతురశ్రం పక్కపక్కనే నడిచి పన్నెండో దెబ్బ దాటాక కలుసుకుంటాయి. పాట కదులుతున్నట్టూ కదలనట్టూ ఒకేసారి అనిపించడానికి కారణం ఈ తాళపు లెక్కే, పేరులోని కాశ్మీరం కాదు.

పేజ్ పొరలకూ, క్వీన్ బృందపు బ్రయాన్ మే పొరలకూ తేడా ఉంది. పేజ్ ఒక్కో పొరకు ఒక్కో వేషం వేస్తాడు: ఒకటి విద్యుత్ లేని అకూస్టిక్ గిటార్, ఒకటి మొరటు, ఒకటి దూరంగా మోగేది. మే పొరలన్నీ ఒకే గొంతు, బృందగానంలోలా. ఆ గొంతును 1963లో మొదలుపెట్టి తండ్రితో కలిసి అతను ఇంట్లోనే తయారుచేసుకున్నాడు. రెడ్ స్పెషల్ అనే ఆ గిటార్ మెడ ఒక పాత నిప్పుగూటి చట్రపు కర్ర. పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. తీగలు మీటేది సిక్స్‌పెన్స్ నాణెంతో. నాణెపు గరుకు అంచు తీగను తాకేటప్పుడు ప్రతి స్వరం ముందూ హల్లులాంటి చిన్న గీర వినిపిస్తుంది.

ఆ హల్లునే చెరిపేయాలని చూసినవాడు జెఫ్ బెక్. 1965లో యార్డ్‌బర్డ్స్ హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్ రికార్డు చేసేటప్పుడు ముందుగా ఒక సితార్ విద్వాంసుడిని పిలిపించారు. ఫలితం కుదరకపోవడంతో బెక్ ధ్వనిని గరుకుగా మార్చే ఫజ్ పెట్టెను తగిలించి, తీగను లాగుతూ గిటార్‌తోనే ఆ సితార్ ఛాయను తెచ్చాడు. బీటిల్స్ పాటలో సితార్ వినిపించడానికి ఇంకా కొన్ని నెలలుంది. ఇందులో సితార్ మోజు కంటే ముఖ్యమైనది వేరే ఉంది: ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లే దారే సంగీతం అన్న ఊహ అప్పటికే అతని వేళ్లలో పడింది.

అది పూర్తిగా పండటానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1980ల తొలినాళ్లకు అతను తీగలు మీటే పిక్ అనే పలకను పక్కన పెట్టేశాడు. అప్పటి నుంచి అతని కుడిచెయ్యి ఒకేసారి మూడు పనులు చేసేది. బొటనవేలు కండతో తీగను మీటేది, అరచెయ్యి లేదా మిగతా వేళ్లు తీగల బిగిని మార్చే వామీ బార్ అనే కడ్డీని పట్టుకునేవి, చిటికెనవేలు వాల్యూమ్ నాబ్‌పై ఉండేది. నాబ్ తగ్గించి మీటి, మీటిన తర్వాత పెంచితే మీటు వినపడదు, స్వరం గొంతులోంచి వచ్చినట్టు మెల్లగా తెరుచుకుంటుంది. ఇక బార్ సంగతి. తీగను లాగితే స్వరం పైకే పోతుంది, కిందికి రాదు. వీణలోనూ అంతే: కిందికి జారాలంటే ముందే లాగి పెట్టుకుని వదలాలి. బెక్ తన స్ట్రాటోకాస్టర్‌లో తీగలు ఆనే బ్రిడ్జిని రెండు వైపులా తేలేలా అమర్చుకుని, బార్‌తో పైకీ కిందికీ నడిచే దారి తెరిచాడు. 1989 నాటి వేర్ వర్ యూలో రాగమంతా ఇలా నడిచిందే. తీగను మెట్టుపై నొక్కకుండా తాకి పలికించిన హార్మోనిక్‌లను బార్‌తో ఒక్కో స్వరానికి సరిగ్గా తూచి చేర్చాడు. వేలికి మెట్టు ఆనవాలు ఇస్తుంది, బార్‌కు ఆనవాళ్లేమీ లేవు, చెవి ఒక్కటే దిక్కు. బల్గేరియా మహిళల బృందగానం విన్న ప్రభావం దీని వెనుక ఉంది. తర్వాత నితిన్ సాహ్నీ స్వరపరచగా స్వాతి నాటేకర్ పాడిన నాదియాను కూడా అతను గిటార్‌పై పలికించాడు. భారతీయ గాత్రంలోని జారులను స్లైడ్‌తో, బార్‌తో అనుసరిస్తూ వెళ్లిన ఆ రికార్డును, హిందుస్తానీ తెలిసినవారు తప్పులు వెతకడానికి వింటే కొన్ని దొరకవచ్చు. అయినా మెట్లున్న వాద్యంపై ఇంత దూరం వచ్చిన రాక్ వాదకుడు మరొకరు లేరు.

మెట్ల అడ్డంకిని వేరేలా దాటినవారూ ఉన్నారు. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ మెట్ల మధ్య కర్రను గిన్నెలా తొలిపించుకున్నాడు. వేలు కర్రకు తగలకుండా తీగ మీదే ఆడుతుంది కాబట్టి లాగడం సులువు. యార్క్‌షైర్‌కు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఇదే పనిని 1970లలో శక్తి బృందం కోసం నేరుగా వీణను చూసి చేయించుకున్నాడు. దశాబ్దాల తర్వాత రిమెంబర్ శక్తిలో అతని పక్కన కూర్చుని ఆ గమకాలకు జవాబిచ్చినవాడు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్.

ముగ్గురు యార్డ్‌బర్డ్స్‌నూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం 1983 సెప్టెంబరు 20న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో దొరికింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ బారిన పడిన సంగీతకారుడు రోనీ లేన్ పూనుకోగా, ఆ వ్యాధిపై పరిశోధనకు నిధుల కోసం జరిగిన కచేరీ అది. క్లాప్టన్ తన బృందంతో పాడుతూ, పాటకు ఎంత కావాలో అంతే వాయించాడు. బెక్ వంతులో పాట కంటే గిటారే ఎక్కువ మాట్లాడింది. లెడ్ జెప్లిన్ విడిపోయి మూడేళ్లయిన పేజ్ తన అతి ప్రసిద్ధమైన పాట స్టెయిర్‌వే టు హెవెన్‌ను గాయకుడు లేకుండా వాయించాడు. స్టూడియోలో పొరలు పొరలుగా కట్టిన దాన్ని అక్కడ రెండు చేతులతో, ఒకే ఒక్క గిటార్‌తో నిలబెట్టవలసి వచ్చింది.